భుజానికి కీహోల్ ఆపరేషన్: ఖర్చు చుట్టూ అపోహలు

భుజం ఆర్థ్రోస్కోపీలో, అంటే కీహోల్ ఆపరేషన్‌లో, చర్మం మీద సెంటీమీటరుకు మించని కోతలు మూడు నాలుగు పెడతారు. ఒకదాంట్లోంచి సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టాన్ని, మిగతావాటిలోంచి పనిముట్లను లోపలికి పంపుతారు. చిరిగిన రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండరాల) టెండన్లను ఎముకకు తిరిగి కుట్టడానికి, పదేపదే జారిపోయే కీలును బిగించడానికి ఎక్కువగా ఈ పద్ధతే వాడతారు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ మండలంలోని అంకాపూర్ లాంటి ఊళ్లలో పని అంతా భుజాల మీదే నడుస్తుంది. పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబోయాలి, పాలిష్ పట్టించాలి, బస్తాలు లేపాలి. రెక్క లేవకపోతే పని ఆగినట్టే. డాక్టర్ ఆపరేషన్ మాట ఎత్తగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఎంతవుతుందనే. దానికి దొరికే జవాబుల్లో చాలావరకు విన్నవే తప్ప చూసినవి కావు.

అపోహ: కోత చిన్నది, కాబట్టి బిల్లూ చిన్నదే.

కోత సైజుకూ బిల్లుకూ సంబంధం లేదు. టెండన్‌ను ఎముకకు పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటి యాంకర్లు, వాటితో వచ్చే దారాలు, ఒకసారి వాడి పారేసే షేవర్ బ్లేడు, రేడియో ఫ్రీక్వెన్సీ ప్రోబ్, కీలులోకి సెలైన్ ఎక్కించే పంపు గొట్టాలు, ఇవన్నీ బిల్లులోకి ఎక్కుతాయి. యాంకర్ ఒక్కోటీ వేల రూపాయలు. చిన్న చిరుగుకు ఒకటి రెండు చాలు, పెద్దదానికి నాలుగైనా పడతాయి. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గడం, నొప్పి తక్కువగా ఉండటం నిజమే కానీ ఆ మిగులును ఈ సామగ్రే తినేస్తుంది. బ్రిటన్‌లో రొటేటర్ కఫ్‌ను కోసి కుట్టడాన్నీ కీహోల్‌లో కుట్టడాన్నీ పోల్చిన యుకఫ్ పరిశోధనలో రెండేళ్ల తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కోసి చేస్తానన్న సర్జన్ పాతకాలపు వాడని అనుకోనక్కర్లేదు.

అపోహ: ఇది లేజర్ ఆపరేషన్, అందుకే అంత ఖర్చు.

మామూలుగా ఇందులో లేజర్ ఉండదు. కణజాలాన్ని కరిగించేది, రక్తస్రావం ఆపేది రేడియో ఫ్రీక్వెన్సీ ప్రోబ్.

అపోహ: ప్యాకేజీ చెప్పారంటే అంతకు మించి రూపాయి కట్టనక్కర్లేదు.

చాలా ప్యాకేజీల్లో గది, థియేటర్, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు ఉంటాయి, ఇంప్లాంట్లు విడిగా ఉంటాయి. ఎమ్మారైలో చిరుగు అంచనాకు అందుతుంది కానీ యాంకర్లు ఎన్ని కావాలో కెమెరా లోపలికి వెళ్లాకే తేలుతుంది. అందుకని ఎస్టిమేషన్ కాగితం మీద ఇంప్లాంట్లు కలిపా, విడిగానా, కలిపితే ఎన్ని యాంకర్ల వరకు అన్నది రాయించుకోవడం అవసరం. ప్రతి యాంకర్ ప్యాకెట్‌తో పాటు కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ వస్తుంది. దాన్ని కేస్ షీట్‌లో అతికిస్తారు. స్టిక్కర్లు రెండుంటే బిల్లులో యాంకర్లు మూడుండటానికి వీల్లేదు. మోకాలి కీలు ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర ఖరారు చేసింది కదా, భుజానికీ అదే వర్తిస్తుందని కొందరి నమ్మకం. ఆ ఉత్తర్వు మోకాలికే. యాంకర్లకు ఉన్న నియంత్రణ ఏడాదిలో ఎమ్మార్పీని 10 శాతానికి మించి పెంచకూడదన్నది మాత్రమే.

అపోహ: ఆరోగ్యశ్రీ ఉంది, 10 లక్షల దాకా చూసుకోనక్కర్లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే పథకం నడిచేది చికిత్సల జాబితా మీద. చేయాల్సిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉండాలి, ఆసుపత్రికి ఆ విభాగంలో గుర్తింపు ఉండాలి, ముందస్తు అనుమతి రావాలి. మూడూ కుదిరితే ఆ చికిత్సకు పేషెంటు దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు. డబ్బు కట్టి చేరిపోయాక కార్డు చూపిస్తే పని జరగదు. ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే ఆరోగ్యమిత్రను చేరకముందే అడగాలి.

అపోహ: ముందు కట్టేస్తే సీఎం రిలీఫ్ ఫండ్‌లో అంతా తిరిగొస్తుంది.

వచ్చేది సాయం, బిల్లు మొత్తం కాదు. అప్పు చేసి కట్టి, చెక్కు వస్తే తీర్చేద్దామనుకున్న కుటుంబాలకు వడ్డీ భారమే మిగులుతుంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో చేయించుకునేవారికి ముందుగానే ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు ప్రభుత్వ హామీ పత్రం, తెచ్చుకునే దారి ఉంది. ప్రైవేటు బిల్లు చెల్లించి ఎదురుచూడటం కన్నా అది మేలు.

అపోహ: బీమా పాలసీ ఉంటే చేతి నుంచి పడదు.

ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 రూపాయలు. క్లెయిమ్‌లో 5 శాతం పేషెంటే భరించాలి. పరిమితి 5,000 ఉన్నచోట 10,000 గది తీసుకుంటే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీల్లాంటి వాటిలోనూ సగం కోత పడొచ్చు. ఇంప్లాంట్లు, మందులు, పరీక్షలకు మాత్రం ఈ దామాషా కోత వేయరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. యాంకర్ల ధరలో కూడా కోత పెడితే నిలదీయవచ్చు. ఇక వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం. అరుగుదల వల్ల వచ్చే కీళ్ల జబ్బులకు చాలా పాలసీల్లో అది ఉంటుంది, ప్రమాదాలకు సాధారణంగా ఉండదు. బండి మీంచి పడి భుజం జారిన మనిషి కేస్ షీట్‌లో "రెండేళ్లుగా నొప్పి" అని రాస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. మొదటి రోజు డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు, తారీఖుతో సహా చెప్పడం అందుకే ముఖ్యం.

అపోహ: డిశ్చార్జితో ఖర్చు అయిపోతుంది.

రొటేటర్ కఫ్ కుట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు చేతికి స్లింగ్ ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. బరువులు ఎత్తడానికి ఆరు నెలలు కూడా పట్టొచ్చు. డిసెంబరులో ఆపరేషన్ అయితే ఆ ఏటి పసుపు తవ్వకం నుంచి అమ్మకం దాకా కూలీల మీదే ఆధారపడాలి. ఆ కూలీ డబ్బులు ఏ ఎస్టిమేషన్‌లోనూ ఉండవు. ఫిజియోకు ప్రతిసారీ దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ పోనక్కర్లేదు. సర్జన్ రాసిచ్చిన వ్యాయామాల కాగితంతో నిజామాబాద్‌లోనో ఆర్మూర్‌లోనో చేయించుకోవచ్చు.

అపోహ: ఇప్పుడే చేయించకపోతే తర్వాత రెట్టింపు అవుతుంది.

ఇది కొందరి విషయంలో నిజం, అందరి విషయంలో కాదు. ఎముక మొనను చెక్కి భుజంలో చోటు పెంచే ఆపరేషన్‌ను 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సీసా (CSAW) అనే పరిశోధన పరీక్షించింది. ఊరికే కెమెరా పెట్టి తీసేసినవారికీ దాదాపు అంతే ఉపశమనం కలిగింది. షుగర్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే ఫ్రోజెన్ షోల్డర్ కూడా చాలామందికి వ్యాయామం, ఇంజెక్షన్లతో, కొంత ఓపికతో సడలుతుంది. కిందపడి ఒక్కసారిగా చేయి లేవకుండా పోయిన మనిషి సంగతి వేరు. టెండన్ పూర్తిగా తెగితే నెలలు గడిచేకొద్దీ అది వెనక్కి ముడుచుకుపోతుంది, కండరం కొవ్వుగా మారుతుంది. అప్పుడు కుట్టినా పట్టదు. పెద్ద వయసువారికి కీలే మార్చాల్సి రావొచ్చు. ఆ ఇంప్లాంటు ధర ముందు యాంకర్ల ఖర్చు చాలా తక్కువ.