మొగ్గ ఎక్కడ వేయాలో ఈస్ట్‌కు ఎవరు చెబుతారు?

"ఈస్ట్ మీద రీసెర్చా? బ్రెడ్ కంపెనీలోనా?" ఇక్కడి తెలుగువాళ్ల పార్టీల్లో నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కాదండీ. ఇడ్లీ పిండి కోసమూ కాదు. అది పొంగడంలో పెద్ద చెయ్యి బ్యాక్టీరియాదే. నేను చూసేది ఒక్కటే: గుండ్రటి కణం తన ఒంటి మీద ఏ చోట పెరగాలో ఎలా తేల్చుకుంటుంది?

మీరు ప్యాకెట్లో కొనే ఈస్ట్ కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. అది సగానికి చీలదు, ఒక పక్క మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గే పిల్ల కణం. తిండి బాగా ఉంటే గంటన్నరకో మొగ్గ. పిల్ల విడిపోయిన చోట తల్లి మీద మచ్చ మిగులుతుంది. ఎన్ని కాన్పులో అన్ని మచ్చలు!

చోటు తేల్చేది సీడీసీ42 అనే ప్రొటీన్. కణం పొర కింద అది చురుగ్గా ఉన్న చోటికి తనలాంటివే మరిన్ని చేరతాయి, పెళ్లి భోజనాల్లో జనం ఉన్న కౌంటర్‌కే ఇంకా జనం వెళ్లినట్టు. రెండు చోట్ల గుంపు మొదలైనా చివరికి సాధారణంగా ఒక్కటే నిలుస్తుంది. ఆ గుంపు ఫార్మిన్ అనే ప్రొటీన్లతో యాక్టిన్ తాళ్లు పేనిస్తుంది. మయోసిన్ మోటార్లు గోడ కట్టే సరుకున్న సంచులను ఆ తాళ్ల మీదుగా మొగ్గకు మోసుకెళతాయి.

సీడీసీ42 పని మానేస్తే? మొగ్గ రాదు. కణం బూరెలా ఉబ్బుతుంది, లోపల కేంద్రకాలు మాత్రం విడిపోతూనే ఉంటాయి. వేడి తగలగానే ఇలా పని ఆగిపోయే ఈస్ట్ రకాలను వెతికే పద్ధతితోనే సియాటిల్‌లో లీ హార్ట్‌వెల్ కణ విభజన జన్యువులను పట్టుకున్నారు. 2001 నోబెల్‌లో ఆయనకూ వాటా దక్కింది.

మనిషి సీడీసీ42 ఈస్ట్‌దానితో దాదాపు 80 శాతం ఒకటే. మనది పెట్టినా ఈస్ట్‌లో పని సాగుతుందని 1990లోనే తేలింది. నాడీకణం కొమ్మ చాచాలన్నా, తెల్లరక్తకణం క్రిమి వెంట పడాలన్నా ఇది కావాలి.

ఈ జన్యువులో ఒక్క అక్షరం మారితే టకెనౌచి-కొసాకి సిండ్రోమ్ రావచ్చు. చాలా అరుదు. ఎదుగుదల ఆలస్యమవుతుంది; ప్లేట్‌లెట్లు తక్కువగా, మామూలుకన్నా పెద్దగా ఉంటాయి. ఎక్కువ కేసుల్లో ఈ మార్పు అమ్మానాన్నల్లో ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. పుట్టింటివాళ్లో అత్తింటివాళ్లో "మేనరికం చేసుకున్నందుకే" అని ఆ తల్లిని అంటే నమ్మకండి. రెండు వైపుల నుంచీ చెడిన జన్యువు వస్తేనే కలిగే జబ్బులకు మేనరికంతో సంబంధం ఉంది, కొత్తగా పుట్టే ఇలాంటి మార్పుకు లేదు.