ప్లేలిస్టు చెరిపేస్తే పాటలు పోతాయా?

ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్‌లో ఎంతో ఇష్టంగా కూర్చుకున్న వంద పాటల ప్లేలిస్టు. ఎవరో పొరపాటున డిలీట్ నొక్కేశారు. పాటలన్నీ పోయినట్టేనా?

ఒక్కటీ పోదు. ఎందుకంటే ప్లేలిస్టులో పాటలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి.

లెక్క చూస్తే నమ్మకం కుదురుతుంది. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లో ఐదు నిమిషాల పాట దాదాపు 5 మెగాబైట్లు. వంద పాటలంటే 500 మెగాబైట్లు. వాటి ప్లేలిస్టుకు మాత్రం కొన్ని కిలోబైట్లు చాలు! ఎం3యూ రకం ప్లేలిస్టయితే మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, ఏ పాట ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో వరుసగా కనిపిస్తుంది. అందుకే 'మాయాబజార్' ఫోల్డర్‌కు 'ఘంటసాల' అని పేరు మారిస్తే చిక్కొస్తుంది. పాటలు డిస్కులో భద్రంగానే ఉంటాయి. ప్లేలిస్టు మాత్రం పాత చిరునామాలోనే వెతికి, దొరకలేదంటుంది.

ఫేవరెట్ సంగతి వేరు. గుండె గుర్తో నక్షత్రమో నొక్కగానే, అది మనకు ఇష్టమని సిస్టమ్ తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. సోనోస్ లాంటి మ్యూజిక్ సిస్టమ్‌లలో పాటనే కాదు, ఆల్బమ్‌ను, ప్లేలిస్టును, ఇంటర్నెట్ రేడియో స్టేషన్‌ను కూడా ఫేవరెట్ చేసుకోవచ్చు. రేడియోకు ఇదే సరైన చోటు. దానికి ముగింపు ఉండదు కాబట్టి, ప్లేలిస్టు మధ్యలో పెడితే తర్వాతి పాటకు వంతే రాదు.

కొత్త సిస్టమ్ కొన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఎం3యూ ఫైలును పాటలతోపాటు కాపీ చేసుకోవచ్చు. ఫేవరెట్లు పాత సిస్టమ్ డేటాబేస్‌లోనే ఉండిపోతే, మళ్లీ ఒక్కొక్కటిగా ఫేవరెట్ చేసుకోవాల్సిందే.