బంగారు నగలో అతుకు

నగ కొనేవారు మొదట పనితనం చూస్తారు, తరువాత తూకం అడుగుతారు. అతుకును పరిశీలించేవారు అరుదు. నగ నాణ్యతా, దానిని చేసినవాని ఆరోగ్యమూ చాలా కాలంపాటు ఆ అతుకుమీదనే ఆధారపడి ఉన్నాయి.

శుద్ధమైన బంగారం మెత్తనిది. దానితో గాజు చేస్తే కొద్దిపాటి ఒత్తిడికే వంగిపోతుంది. అందువల్ల రాగి, వెండి కలిపి దానిని గట్టిపరుస్తారు. ఇరవైనాలుగు పాళ్లలో ఇరవైరెండు పాళ్లు బంగారమైతే అది 22 క్యారెట్ల బంగారం. అంటే వెయ్యింట 916 వంతులు. నగమీద కనిపించే 916 అంకెకు అర్థం ఇదే.

కుంపటి, ఊదుగొట్టం, పటకారు, కమ్మచ్చు ముందు పెట్టుకొని కూర్చునే కంసాలి ఒక్కొక్క నగనూ వేరువేరుగా చేస్తాడు. ఒకే అచ్చున వందల నగలు కావలసి వచ్చినప్పుడు కర్మాగారం ఆశ్రయించే పద్ధతుల్లో ముఖ్యమైనది మైనపు పోత. ఇది కొత్తది కాదు. తేనెపట్టును పిండగా మిగిలే మైనానికి సంస్కృతంలో మధూచ్ఛిష్టమని పేరు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసం’ మైనంతో విగ్రహాలు పోతపోసే విధానాన్ని వివరించింది. బంగారం మైనపు తూకానికి పదహారు రెట్లు ఉండాలని కూడా అందులో ఉంది. నేటి పోతశాలలలోనూ మైనాన్ని తూచిన తరువాతనే బంగారాన్ని కరిగిస్తారు.

మొదట ఒక మూలరూపాన్ని తయారుచేసి, రబ్బరు పలకల నడుమ ఉంచి, వేడితో ఒత్తుతారు. రబ్బరును కోసి మూలరూపాన్ని తీసివేయగా దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అందులోకి కరిగిన మైనాన్ని ఎక్కిస్తే మైనపు ఉంగరం సిద్ధమవుతుంది. ఒకే రబ్బరు అచ్చునుండి ఇట్లాంటివి ఎన్నో తీయవచ్చు. వాటిని ఒక మైనపు కాడకు కొమ్మలవలె అతికిస్తారు. పనివారు దీనిని ‘చెట్టు’ అనే వ్యవహరిస్తారు. ఆ చెట్టు చుట్టూ జిప్సమ్, సిలికా పొడులు కలిపిన ముద్దను పోసి, అది గట్టిపడిన తరువాత కొన్ని గంటలపాటు బట్టీలో కాలుస్తారు. మైనం కరిగి, కాలి పోతుంది. ఆ ఖాళీలో బంగారం పోస్తారు. ఊరకే పోస్తే సన్నని సందులలోకి చేరదు కనుక పాత్రను వేగంగా తిప్పడమో, లోపలి గాలిని లాగివేయడమో చేస్తారు. కొంత చల్లారాక నీటిలో ముంచితే ముద్ద విచ్చిపోయి బంగారు చెట్టు బయటపడుతుంది. ఇక కొమ్మలు కోసి, మెరుగు పెట్టడమే మిగులుతుంది.

పోతపోసిన ఉంగరంలో అతుకు లేకపోవచ్చు. ఉక్కు అచ్చుల నడుమ రేకును ఒత్తి చేసే బోలు నగలో రెండు సగాలను కలపాలి. గొలుసు సంగతి మరీ వేరు. ఎన్ని కడియాలో అన్ని అతుకులు.

అతుకుపెట్టే లోహం నగకంటె ముందుగా కరగాలి. లేకపోతే అతుకుతోపాటు నగ కూడా కరిగిపోతుంది. అందుకని పూర్వం టంకంలో రాగి, వెండి ఎక్కువగా కలిపేవారు. వెలిగారం చల్లి, మంట ఊదితే అది సందులోకి పాకి గట్టిగా పట్టుకొనేది. అయితే నగలో బంగారపు పాలు తగ్గేది. పది గ్రాముల గొలుసులో అర గ్రాము టంకం ఉన్నదనీ, ఆ టంకంలో నూటికి అరవై పాళ్లే బంగారమనీ అనుకుందాం. గొలుసంతా కరిగిస్తే మిగిలేది 91.6 శాతం కాదు, సుమారు 90 శాతం. కొన్ననాడు తెలియని ఈ లోటు మార్పిడినాడు బయటపడేది.

ఈ చిక్కుకు పరిష్కారంగా కాడ్మియం వచ్చింది. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపితే టంకం తేలికగా కరుగుతుంది, అతుకులోనూ నాణ్యత నిలుస్తుంది. కాడ్మియం అనే మాటే నలిగి ‘కేడీఎం’ అయింది. దుకాణాలవారు దానిని స్వచ్ఛతకు గుర్తుగా ప్రకటించుకొన్నారు. ఒక విషపదార్థం పేరు మేలిమికి బిరుదు కావడం విచిత్రమే. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరవుతుంది. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. అందువల్ల అతుకుపెట్టేటప్పుడు కొంత కాడ్మియం పొగగా లేస్తుంది. గాలి ఆడని చిన్న గదిలో, మంటకు జానెడు దూరంలో ముఖం పెట్టి పనిచేసేవాడే దానిని పీల్చుకోవలసి వచ్చింది. ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1993లో కాడ్మియాన్ని కేన్సర్ కారకంగా నిర్ధారించింది. ఐరోపా సమాఖ్య 2011లో నగలలోనూ, టంకపు కడ్డీలలోనూ దాని వాడకాన్ని నిషేధించింది.

ఇప్పుడు జింకు, ఇండియం వంటి లోహాలు కలిపిన టంకాలు వాడుకలో ఉన్నాయి. గొలుసు యంత్రం తీగను వంచి, కత్తిరించి, కడియంలో కడియం కూర్చుతుంది. కొన్ని యంత్రాలలో లేజర్ కిరణం ఆ కడియపు కొనలనే కరిగించి కలుపుతుంది. టంకంతో పనే లేదు. ఇంతటి యంత్రాన్ని కొనగలిగేది పెద్ద కర్మాగారమే. కాడ్మియం మానుకొన్న కంసాలికి జింకు టంకం దొరికింది కాని, యంత్రంతో పోటీపడే దారి దొరకలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో బంగారు నగలకు హాల్‌మార్క్ ముద్రను ప్రవేశపెట్టింది. 2021 జూన్ 23 నుండి 256 జిల్లాలలో దానిని తప్పనిసరి చేసి, తరువాత మరికొన్ని జిల్లాలకు విస్తరించారు. 2023 ఏప్రిల్ 1 నుండి ముద్రతోపాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్క్ నగలను దుకాణదారులు అమ్మరాదు. కేడీఎం అనే మాటకు ఆ ముద్రలో చోటు లేదు. అయినా దుకాణంలో ‘ఇది కేడీఎమ్మేనా?’ అని అడిగే కొనుగోలుదారులు ఇప్పటికీ కనిపిస్తారు.