ఆటపటం పలకలు: బస్తర్‌లో తేమే తొలి పరీక్ష

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలకు నాంది పలికింది. ఆటగాళ్లు కథలోని పాత్రలను ధరించి, గడుల పటంపై బొమ్మలను కదుపుతారు. అడవి, గుహ, కోట దృశ్యాలను విడివిడి పలకలుగా చేసుకుంటే ప్రతిసారీ కొత్త పటం పేర్చవచ్చు. సాధారణంగా ఒక్కో గడి 1 అంగుళం ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వీటిని ఇంట్లో తయారుచేసుకోదలచినవారు ధరకంటే ముందు తేమను లెక్కించాలి. వానకాలంలో అట్ట తేమ పీల్చి వంగుతుంది. అంచు లేచిన పలకపై బొమ్మ నిలవదు. రంగును ఒకవైపే పూస్తే వంపు మరింత పెరుగుతుంది. కనుక రెండు వైపులకూ, అంచులకూ వార్నిష్ పూయాలి. థర్మోకోల్‌కు తేమ బెడద లేదు కాని, చాలా స్ప్రే రంగుల్లోని ద్రావకాలు దానిని కరిగించివేస్తాయి.

కొండగావ్ మట్టిబొమ్మలకు పేరుపొందిన ఊరు. అయితే మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. బొమ్మలో అది కంటికి ఆనదు. పక్కపక్కన అతకవలసిన పలకలో మాత్రం సందులుగా బయటపడుతుంది. ఈ అడవుల్లో విస్తారంగా పెరిగే సాల వృక్షపు కర్ర మన్నికైనదే. కాని అది గట్టిది, బరువైనది. ఇంటి రంపానికి సులభంగా లొంగదు.

చీల్చి చదును చేసిన వెదురు తేలిక. దానిలోని పిండిపదార్థానికి పురుగు పడుతుంది. అందుకే వెదురును బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి, పూర్తిగా ఆరిన తరువాతే కొలతకు కోయాలి. ఈ ద్రావణాన్ని పిల్లలకు అందనీయరాదు.