ఓడలో ఈవీ బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం ఎందుకంత కష్టం?

మన ఫోన్‌లో ఉండే లిథియం అయాన్ టెక్నాలజీనే ఎలక్ట్రిక్ కార్లలోనూ ఉంటుంది. కాకపోతే సైజు వేల రెట్లు ఎక్కువ. అలాంటి కార్లు ఓడలో వెళ్తున్నప్పుడు మంట రేగితే ఏమవుతుందో చూద్దాం.

2025 జూన్ 3న చైనా నుంచి మెక్సికో వెళ్తున్న 'మార్నింగ్ మిడాస్' ఓడ అలస్కాకు దూరంగా, సముద్రం మధ్యలో అంటుకుంది. అందులో సుమారు 3 వేల వాహనాలుంటే, పూర్తి ఎలక్ట్రిక్‌వి 70 మాత్రమే. ఈవీలున్న డెక్ నుంచే మొదట పొగ కనిపించిందని ఓడ నిర్వహణ సంస్థ చెప్పింది. 22 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం జూన్ 23న మునిగిపోయింది.

బ్యాటరీ లోపల ఏం జరుగుతుంది?

ఒక సెల్ దెబ్బతిని లోపల షార్ట్ అయితే విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఇంకోటి... ఇలా వరసగా అంటుకుంటాయి. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఈ క్రమంలో మండే వాయువులతో పాటు కొంత ఆక్సిజన్ కూడా బ్యాటరీ నుంచే వస్తుంది.

ఓడలో అసలు సమస్య

కార్ల ఓడల్లో చాలావాటికి కార్బన్ డయాక్సైడ్ సిస్టమే ప్రధాన ఆయుధం. గాలి అందకుండా చేస్తే పెట్రోల్ మంట ఆరిపోతుంది. బ్యాటరీకి అది సరిపోదు, దాన్ని చల్లబరచాలి. లేదంటే ఆరినట్టే ఉండి మళ్లీ అంటుకుంటుంది. నీళ్లు కొడదామంటే బ్యాటరీ ఉండేది కారు అడుగున, సీల్ చేసిన పెట్టెలో. పైగా కార్ల మధ్య మనిషి దూరే సందు కూడా సరిగా ఉండదు. డెక్ మీద నీళ్లు ఎక్కువైతే ఓడే ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

తప్పంతా ఈవీలదేనా?

కాదు. 2023 జులైలో నెదర్లాండ్స్ తీరంలో 'ఫ్రీమాంటిల్ హైవే' ఓడ అంటుకుని ఒక భారతీయ నావికుడు చనిపోయారు. వెంటనే అందరి అనుమానమూ అందులోని దాదాపు 500 ఈవీల మీదికే వెళ్లింది. తీరా ఓడను రేవుకు చేర్చాక చూస్తే, కింది డెక్‌లలోని ఈవీలు బాగానే కనిపించాయని దాన్ని ఒడ్డుకు చేర్చిన సంస్థ తెలిపింది.

మరి రక్షణ ఎలా?

జాగ్రత్త ఓడ ఎక్కించకముందే మొదలవ్వాలి. బ్యాటరీలు యూఎన్ 38.3 టెస్టులు పాసవ్వాలి. ఛార్జ్ తక్కువగా ఉంచితే రన్‌అవే తీవ్రత తగ్గుతుంది. దెబ్బతిన్నవాటిని మామూలు సరుకుతో కలపకూడదు.

విదేశాల నుంచి ఇంటి సామాను ఓడలో పంపే తెలుగువాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పాత ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, ఈ-స్కూటర్ ఏదున్నా షిప్పింగ్ కంపెనీకి ముందే చెప్పండి. ఉబ్బిన బ్యాటరీ అయితే అసలు పెట్టొద్దు. పెట్టెలో ఏముందో తెలియకపోతే, మంట రేగినప్పుడు దాన్ని ఎలా ఆర్పాలో ఓడ సిబ్బందికీ తెలియదు.