ఫాలోఅప్ స్కాన్ లెక్కలు

ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్, జనగామ, భువనగిరి బస్సులు దిగేవాళ్లలో కొందరి చేతుల్లో పెద్ద ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తాయి. పాత ఫిల్ములు, ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడ మెట్రో ఎక్కితే 12వ స్టేషను అమీర్‌పేట. రైలు మారాక 4వది లక్డీకాపూల్. దానికి దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. కీమో ముగిసి, కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకోవడం కూడా అయిపోయి, జుట్టు మళ్లీ వచ్చి, ఇరుగుపొరుగువాళ్లు ‘తగ్గిపోయిందిగా’ అంటున్న రోజుల్లోనూ ఈ ప్రయాణం ఆగదు.

ఈ దారిలో నడుస్తున్నవాళ్లు తక్కువేం కాదు. ప్రపంచ క్యాన్సర్ లెక్కల నివేదిక గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో కొత్తగా క్యాన్సర్ బయటపడినవాళ్లు సుమారు 14.1 లక్షల మంది. గడచిన అయిదేళ్లలో జబ్బు బయటపడి, బతికి ఉన్నవాళ్లు దాదాపు 32.6 లక్షలు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే: వయసుల తేడాను సర్దుబాటు చేశాక, ఏటా లక్ష మంది స్త్రీలకు 48. అందుకే లెక్కలు రొమ్ము క్యాన్సర్‌తోనే మొదలుపెడతాను.

చికిత్స పూర్తయ్యాక రొమ్ము క్యాన్సర్ పేషెంటు డాక్టరును మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాతి 2 ఏళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి కలవాలి. ఏటా ఒక మామోగ్రామ్ తీయించుకోవాలి. కరెంటు పెట్టినవాళ్లయితే అది ముగిశాక కనీసం 6 నెలలు ఆగి తీయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ప్రధాన వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇంతే. పెట్ స్కాన్, ఎముకల స్కాన్, ట్యూమర్ మార్కర్ రక్తపరీక్ష ఈ జాబితాలో లేవు. చాలా ఇళ్లలో ఈ మాట మింగుడుపడదు. ‘ఒళ్లంతా ఒకసారి చూపిస్తే మనశ్శాంతి కదా’ అంటారు.

ఆ ప్రశ్నకు జవాబు 1994లోనే వచ్చింది. ఇటలీలో 1,320 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే, లివర్ స్కాన్ క్రమం తప్పకుండా తీశారు. రెండో గుంపుకు డాక్టరు పరీక్ష, మామోగ్రామ్, లక్షణం కనిపిస్తేనే మిగతావి. సుమారు 6 ఏళ్లు గమనించాక చూస్తే మొదటి గుంపులో 132 మంది (20 శాతం), రెండో గుంపులో 122 మంది (18 శాతం) చనిపోయారు. అదనపు స్కాన్ల వల్ల ఆయుష్షు పెరగలేదు, బతుకు నాణ్యతా పెరగలేదు. యంత్రాలు అప్పటికంటే ఎంతో మెరుగుపడ్డాయి, నిజమే. అయినా లక్షణాలు లేనివాళ్లకు ఈ స్కాన్లు వద్దన్న సలహా ఇప్పటికీ మారలేదు.

అన్ని క్యాన్సర్లకూ ఇదే లెక్క అనుకోకండి. పెద్దపేగు క్యాన్సర్‌లో సీటీ, సీఈఏ రక్తపరీక్ష పనికొస్తాయి. బ్రిటన్‌లో 1,202 మందిపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, తిరగబెట్టిన జబ్బును నయం చేసే ఉద్దేశంతో ఆపరేషన్ చేయగలిగినవాళ్లు పెద్దగా పరీక్షలు చేయని గుంపులో 2.3 శాతం, సీటీ తీసిన గుంపులో 8 శాతం. ప్రాణాలు దక్కడంలో మాత్రం గుంపుల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. గొంతు, నోటి క్యాన్సర్లకు కీమోతో పాటు కరెంటు పెట్టినప్పుడు 12 వారాల తర్వాత తీసే ఒక్క పెట్ స్కాన్ చాలామందికి మెడ ఆపరేషన్ తప్పిస్తుంది. ఆ 12 వారాలకూ కారణముంది. కరెంటు తగిలిన కండ కొన్నాళ్లు వాచి ఉంటుంది. తొందరపడి తీస్తే ఆ వాపే జబ్బులా వెలుగుతుంది. కాబట్టి పక్కింటావిడకు ఏ స్కాన్ రాశారన్నది మీకు అక్కర్లేదు. మీ జబ్బు, మీ స్టేజీ, మీ డాక్టరు ఇచ్చిన తేదీ, ఇవే చాలు.

అవసరం లేని స్కాన్ హాని ఎలా చేస్తుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. ఏ లక్షణమూ లేని 1,000 మందికి స్కాన్ తీశాం. వాళ్లలో నిజంగా జబ్బు తిరగబెట్టింది 20 మందికి. స్కాన్ నూటికి 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో నూటికి 10 మందిని పొరపాటున అనుమానిస్తుంది అనుకుందాం. పట్టుబడ్డ అసలు జబ్బు 18. ఉత్త భయం 98. అంటే రిపోర్టులో ‘అనుమానం’ అని వచ్చిన 116 మందిలో 98 మందికి జబ్బే లేదు. అయినా బయాప్సీ సూది, మరో స్కాన్, అప్పు, నిద్రలేని రాత్రులు వాళ్లకూ తప్పవు. పైగా మనది టీబీ ఎక్కువున్న దేశం. 2023లో ప్రపంచంలోని టీబీ కేసుల్లో 26 శాతం మనవే. టీబీ సోకిన లింఫ్ గ్రంథి కూడా పెట్ స్కాన్‌లో క్యాన్సర్‌లాగే మెరుస్తుంది. అందుకే ఎప్పుడో టీబీ మందులు వాడి ఉంటే ఆ సంగతి స్కాన్ చీటీ మీదే రాయించండి. రిపోర్టు రాసే డాక్టరుకు అది చాలా పెద్ద ఆధారం.

స్కాన్ నిజంగా రాసినప్పుడు మాత్రం సిద్ధం కావడం ముఖ్యం. పెట్ స్కాన్‌కు ఎక్కించే మందు, ఫ్లోరిన్-18 కలిపిన ఒక రకం చక్కెర, 110 నిమిషాల్లో సగమైపోతుంది. మీరు రామంతాపూర్ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుంటే మీ కోసం సిద్ధం చేసిన మందు 17 శాతం తరిగినట్టే. చెప్పిన టైముకు రమ్మని సిబ్బంది గట్టిగా అనేది అందుకే. 4 నుంచి 6 గంటలు పరగడుపున ఉండాలి. మంచినీళ్లు తాగొచ్చు, పాలు చక్కెర వేసిన చాయ్ కూడదు. రక్తంలో షుగర్ 200 దాటితే చాలాచోట్ల స్కాన్ వాయిదా వేస్తారు. ఒంట్లో అసలు చక్కెర నిండిపోతే ఈ మందుకు చోటు దొరకదు మరి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలో, ఎంత తగ్గించాలో ముందురోజే అడిగి రాయించుకోవాలి, సొంతంగా మానేయొద్దు. జనగామ నుంచి తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బస్సెక్కే షుగర్ పేషెంటుకు దారిలో చెమటలు పట్టి కళ్లు తిరగొచ్చు. పక్కన మనిషి తప్పనిసరి. దూరం నుంచి వచ్చేవాళ్లు మధ్యాహ్నపు స్లాట్ అడిగి, పెందలాడే తేలిగ్గా తిని బయల్దేరవచ్చా అని సెంటర్‌లో కనుక్కోవడం మేలు.

మందు ఎక్కించాక సుమారు గంటసేపు మసక వెలుతురు గదిలో పడుకోబెడతారు. కదలొద్దు, మాట్లాడొద్దు, ఫోన్ వద్దు అంటారు. కఠినంగా అనిపిస్తుంది గానీ ప్రతిదానికీ అర్థముంది. మాట్లాడితే స్వరపేటిక కండరాలు చక్కెర పీల్చుకుని వెలుగుతాయి. చూయింగ్ గమ్ నమిలితే దవడలు వెలుగుతాయి. చలి వేస్తే మెడ దగ్గర, భుజాల దగ్గర ఉండే ఒక రకం కొవ్వు వేడి పుట్టించడానికి చక్కెర మండిస్తుంది, అదీ గ్రంథుల్లా కనిపించి గందరగోళం చేస్తుంది. అందుకే దుప్పటి అడగడానికి మొహమాటపడకండి, ఒక శాలువా వెంట తీసుకెళ్లండి. ముందురోజు బరువులు మోయడం, వ్యాయామం మానేయండి. స్టేషన్లలో మెట్లెక్కకుండా లిఫ్టు వాడండి. స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగాలి. 11 గంటలు గడిచేసరికి మందు 64వ వంతుకు పడిపోతుంది. ఆరోజుకు పసిపిల్లలను, గర్భిణులను దగ్గరికి తీసుకోకుంటే సరి.

రేడియేషన్ గురించి అడుగుతారు. ప్రకృతి నుంచి మనిషికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతుంది. మనం నడిచే ఈ హైదరాబాద్ గ్రానైట్ రాతిలోనూ యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. ఒక పెట్-సీటీ, తీసే పద్ధతిని బట్టి, 10 నుంచి 25 మిల్లీసీవర్టుల దాకా ఇస్తుంది. అవసరమైన స్కాన్‌ను ఈ అంకె చూసి ఎగ్గొట్టడం తప్పు. అవసరం లేనిదాన్ని వద్దనడానికి మాత్రం ఇది ఇంకో కారణం. ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్‌లలో ఈ రేడియేషన్ ఉండదు.

అన్నిటికంటే కష్టం రిపోర్టు కోసం ఎదురుచూడడం. అమెరికాలో 103 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లను అడిగితే 83 శాతం మంది స్కాన్ వల్ల ఆందోళన పడుతున్నామన్నారు. జబ్బు బయటపడి ఎన్నాళ్లైందన్నదానితో ఆ ఆందోళన తీవ్రతకు సంబంధం కనిపించలేదు. కాబట్టి మూడో ఏడు కూడా చేతులు వణికితే మీరు పిరికివాళ్లని కాదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: స్కాన్ స్లాట్ తీసుకునే ముందే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. డాక్టరు గురువారం చూస్తారంటే స్కాన్ మంగళ, బుధవారాల్లో పెట్టించండి. స్కాన్ శుక్రవారం తీసి, డాక్టరు మరో పది రోజులకు దొరికితే ఆ పది రోజులూ ఇంటిల్లిపాదికీ నరకం. రిపోర్టు రాత్రి వాట్సాప్‌లో వస్తే ఒంటరిగా తెరవకండి. అందులో ‘4 మిల్లీమీటర్ల మచ్చ’ అని ఉండొచ్చు. క్యాన్సర్ మందుల పరిశోధనల్లో వాడే కొలతల ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు మచ్చను కొలవదగ్గ గడ్డగా లెక్కించరు. జబ్బు పెరిగిందనాలంటే గడ్డల కొలతల మొత్తం కనీసం 20 శాతం, 5 మిల్లీమీటర్లు పెరగాలి. పాత ఫిల్ములు, సీడీలు తీసుకెళ్లమనేది ఈ పోలిక కోసమే. రాత్రి మనసు నిలవకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నాచారం పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, ఆస్పత్రి నాచారంలోనే ఉంది. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు, నిర్ణీత సర్వీసు ఉన్నవాళ్లకు, జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా సాయం అందుతుంది. అయితే 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్ఐ చట్టం 49వ సెక్షన్ ప్రకారం అనారోగ్యపు మొదటి 2 రోజులకు భత్యం వచ్చేది కాదు. ఫాలోఅప్ స్కాన్‌కు పట్టేది సరిగ్గా ఆ ఒకటి రెండు రోజులే. రోజు కూలి పోతుందని స్కాన్ వాయిదా వేసుకునేవాళ్ల బాధ ఇక్కడుంది. యాజమాన్యాలు ఆ ఒక్క రోజు జీతంతో సెలవు ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు, ఇచ్చి తీరాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఫాలోఅప్‌లో ఏవేవి అందులోకి వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

తేదీ కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆపరేషన్ కుట్ల దగ్గర, రొమ్ములో, చంకలో కొత్త గడ్డ చేతికి తగిలినా, ఒకేచోట ఎముక నొప్పి రెండు వారాలు దాటినా, రాత్రిళ్లు మరీ ఎక్కువవుతున్నా, ఆయాసం, తగ్గని దగ్గు, కొత్తగా మొదలైన తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా వెంటనే ఓపీకి వెళ్లండి. నడుం నొప్పితో పాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రం కట్టుబడినా అదేరోజు ఎమర్జెన్సీకి.