మైనస్ 90 డిగ్రీల స్నానం

ఇంటర్ పిల్లలకు నేను ఏటా ఇచ్చే లెక్క ఒకటుంది. 90 డిగ్రీల నీళ్లు రెండు కిలోలు, 30 డిగ్రీల నీళ్లు మూడు కిలోలు కలిపితే స్నానానికి ఎంత వేడిగా ఉంటాయి? ఎవరో ఒకరు 'మైనస్ 90' అని రాసిచ్చి నిశ్చింతగా కూర్చుంటారు. అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో 1983 జులైలో నమోదైన చలి మైనస్ 89.2. మావాడి బకెట్ దాన్నీ దాటేసింది!

కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉంటాయి. తప్పంతా మొదటి వరుసలోనే. తుది ఉష్ణోగ్రత T అనుకుంటే, వేడినీళ్లు కోల్పోయింది 2×(90−T), చన్నీళ్లు గ్రహించింది 3×(T−30). మిశ్రమాల పద్ధతి ప్రకారం రెండూ సమానమంటే 54 డిగ్రీలొచ్చేది. మావాడికి 'మొత్తం మార్పు సున్నా' అన్నది కూడా గుర్తొచ్చి, రెంటినీ కూడి సున్నా పెట్టాడు. ఖర్చును కూడా జమలోనే రాశాడన్నమాట.

నేను మాత్రం తుది ఉష్ణోగ్రతలోంచి తొలి ఉష్ణోగ్రత తీసెయ్యమంటాను, ఏ వస్తువుకైనా సరే. వేడినీళ్లకు 2×(54−90), అంటే మైనస్ 72 కిలోకేలరీలు. చన్నీళ్లకు 3×(54−30), ప్లస్ 72. కూడితే సున్నా. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని ముందే తేల్చుకునే పని లేదు. బకెట్‌ను కూడా లెక్కలోకి తెస్తే ఈ సుఖం తెలుస్తుంది. బకెట్ 50 డిగ్రీలుంటే వేడి పుచ్చుకుంటుంది, 60 ఉంటే ఇస్తుంది. అది మనం ఊహించక్కర్లేదు, గుర్తే చెబుతుంది.

అసలు చిక్కు తర్వాతి గంటలో, కెమిస్ట్రీ క్లాసులో మొదలవుతుంది. ఒక వాయువు 500 జౌళ్ల వేడి తీసుకుని, వ్యాకోచించి 200 జౌళ్ల పని చేసిందనుకోండి. ఫిజిక్స్‌లో వాయువు చేసిన పని ప్లస్. ఆవిరి యంత్రాల కాలంలో పుట్టిన శాస్త్రం కదా, యంత్రం ఎంత పని చేసిపెట్టిందన్నదే అప్పటివాళ్ల ఆరాటం. వేడి Q, పని W అయితే అంతర్గత శక్తిలో మార్పు Q−W, అంటే 300. కెమిస్ట్రీలో వాయువు మీద జరిగిన పని ప్లస్. కాబట్టి ఇక్కడ w మైనస్ 200, సూత్రం q+w. అప్పుడూ 300 జౌళ్లే.

సూత్రం కెమిస్ట్రీది, గుర్తు ఫిజిక్స్‌ది తెచ్చుకున్నవాడికి 700 వస్తుంది. 500 తీసుకుని, 200 ఖర్చుపెట్టి, 700 మిగుల్చుకున్న వాయువు! అందుకే మా క్లాసులో 'W: వాయువు చేసిన పని' అని పక్కన రాయనిదే సూత్రం రాయనివ్వను. ఆ ఒక్క ముక్క లేకపోతే అర మార్కు కోస్తాను. పిల్లలు గొణుక్కుంటారు, గొణుక్కోనీ.